సరుకు కంటే ముందు పేరు వెళ్లాలి

ఢిల్లీలో ఐటీసీ వారి మౌర్య హోటల్లో 'బుఖారా' అనే రెస్టారెంట్ ఉంది. 1977లో తెరిచారు. అక్కడి దాల్ కోసం, తందూరీ వంటల కోసం విదేశీ అధ్యక్షులు కూడా వచ్చి కూర్చున్నారు. అదే పేరుతో 1986లో న్యూయార్క్‌లో, 1987లో షికాగోలో రెస్టారెంట్లు వెలిశాయి. 1987లోనే ఐటీసీ ఆ పేరును అమెరికాలో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయించింది. అంటే చేయవలసిన పని వేళకే చేసింది. తర్వాత 1991లో న్యూయార్క్ రెస్టారెంట్ మూతపడింది. 1997లో షికాగో ఫ్రాంచైజీ ఒప్పందం రద్దయింది. ఆ పైన అమెరికాలో ఐటీసీ తరఫున ఆ పేరుతో ఒక్క బోర్డు కూడా లేదు.

1999లో న్యూయార్క్‌లో 'బుఖారా గ్రిల్' తెరుచుకుంది. పెట్టినవారిలో కొందరు గతంలో ఐటీసీ బుఖారాలో పనిచేసినవాళ్లే. చెక్కపలక మీద రాసిన మెనూ, తినేవారి మెడకు కట్టే ఎర్రగళ్ల గుడ్డ, లోపలి అలంకరణ, అన్నీ ఢిల్లీని గుర్తుకు తెచ్చేవే. ఐటీసీ 2000లో లాయరు చేత ఉత్తరం రాయించింది. 2003లో కేసు వేసింది. ఓడిపోయింది.

2007లో అమెరికా అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పును ప్రతి ఎగుమతిదారూ తెలుసుకోవాలి. మూడేళ్లకు పైగా ఆ పేరును అమెరికాలో రెస్టారెంటుకు వాడలేదు, మళ్లీ మొదలుపెట్టే ఉద్దేశం ఉందని చూపే ఆధారమూ లేదు, కాబట్టి పేరును వదులుకున్నట్టే అన్నది కోర్టు. ఢిల్లీలో మాకు ఎంతో పేరుంది కదా అని ఐటీసీ వాదించింది. అమెరికాలో వాడని పేరును, వేరే దేశంలో అది ఎంత గొప్పదైనా సరే, తమ ఫెడరల్ చట్టం కాపాడదని కోర్టు తేల్చింది. న్యూయార్క్ రాష్ట్ర చట్టం కిందైనా నిలబడుతుందేమో చూశారు. అక్కడి రెస్టారెంట్లకు వెళ్లేవారు ఆ పేరు వినగానే ఢిల్లీ బుఖారానే తలచుకుంటారని రుజువు కావాలన్నారు. ఆ రుజువు దొరకలేదు. 2008లో కేసు ముగిసింది.

అంత పెద్ద సంస్థకే ఇలా జరిగితే, పచ్చళ్లు, పొడులు పార్సెల్ కట్టి పంపేవాళ్ల సంగతేమిటి? చీరలు ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు, డాలస్‌లో బ్రాంచి పెట్టాలనుకునే హోటలు యజమాని, హైదరాబాద్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే కుర్రాడు? ఈ అధ్యాయం వాళ్ల కోసం రాస్తున్నాను. మన వాళ్లు రుచి మీద, నాణ్యత మీద ప్రాణం పెడతారు. పేరు మీద హక్కు విషయంలో మాత్రం 'వ్యాపారం పెరిగాక చూద్దాంలే' అంటారు. పెరిగాక చూస్తే ఆ పేరు ఇంకొకరి చేతిలో ఉంటుంది.

ట్రేడ్‌మార్క్ హక్కు పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. ఏ ఊరి పొలానికి పుస్తకం ఉందో ఆ పొలమే మీది. చెన్నైలోని ట్రేడ్‌మార్క్స్ రిజిస్ట్రీ, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు వెళ్లే కార్యాలయం, మీకిచ్చే సర్టిఫికెట్ భారతదేశం వరకే పనిచేస్తుంది. అది చూపించి న్యూజెర్సీలో ఎవరినీ ఆపలేరు, షాంఘైలో ఎవరినీ ఆపలేరు.

మన కోర్టులు ఉదారంగా ఉన్న రోజులు

మన దేశంలో ఇందుకు భిన్నంగా సాగిన ఒక కేసు వల్లే చాలామందిలో ఒక భ్రమ ఏర్పడింది. వర్ల్‌పూల్ అనే అమెరికన్ కంపెనీ 1950లలోనే ఇక్కడ తన పేరు రిజిస్టర్ చేయించుకుంది. కానీ రెన్యువల్ చేయకపోవడంతో 1977లో అది రద్దయింది. 1986లో ఢిల్లీ వ్యాపారులు అదే పేరుకు దరఖాస్తు పెట్టారు. వర్ల్‌పూల్ అభ్యంతరం చెప్పినా నెగ్గలేదు, 1992లో పేరు ఢిల్లీ వారికే వచ్చింది. 1994లో వాళ్లు ఆ పేరుతో వాషింగ్ మెషిన్లు ప్రకటించగానే వర్ల్‌పూల్ కోర్టుకెళ్లింది. అప్పటికి ఇక్కడ దాని అమ్మకాలు నామమాత్రం. అమెరికా రాయబార కార్యాలయానికి అమ్మిన యంత్రాలు, మన దేశంలో తిరిగే విదేశీ పత్రికల్లోని ప్రకటనలు, చూపించడానికి ఉన్నవి దాదాపు అవే. అయినా ఢిల్లీ హైకోర్టు ఢిల్లీ వ్యాపారులను ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సరిహద్దులు దాటి వచ్చిన కీర్తికి కూడా రక్షణ ఉంటుందని ఆ తీర్పు చెప్పింది.

'పేరు గొప్పదైతే చాలు, కోర్టే కాపాడుతుంది' అన్న నమ్మకం అక్కడి నుంచి పాకింది. ఆ నమ్మకం మీద ఇవాళ వ్యాపారం కట్టకండి. టొయోటా సంగతి చూడండి. ప్రియస్ కారును 1997లో జపాన్‌లో విడుదల చేసింది. మన దేశంలో ప్రియస్ ఆటో ఇండస్ట్రీస్ అనే సంస్థ 2001 నుంచి కారు విడిభాగాలకు అదే పేరు వాడుతూ, 2002లో రిజిస్టర్ కూడా చేయించుకుంది. టొయోటా 2009లో కేసు వేసింది. 2017 డిసెంబరు 14న సుప్రీంకోర్టు టొయోటా అప్పీలును కొట్టేసింది. ప్రపంచంలో ఎక్కడో పేరుండటం చాలదు, 2001 నాటికి ఆ పేరు భారతీయ కొనుగోలుదారులకు తెలుసునని చూపాలి అన్నది. అప్పట్లో ఇంటర్నెట్ వాడకం ఎంత తక్కువగా ఉండేదో కూడా లెక్కలోకి తీసుకుంది. ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. విదేశీ పత్రికలో ఒక వార్త వచ్చినంత మాత్రాన, ఇక్కడ కష్టపడి పెంచుకున్న పేరును చిన్న వ్యాపారి పోగొట్టుకోకూడదు. అయితే అదే న్యాయం మీకూ వర్తిస్తుందని మరిచిపోవద్దు. గుంటూరులో మీ కారప్పొడి ఎంత ప్రసిద్ధమైనా టొరంటో కోర్టుకు దానితో పనిలేదు.

చైనాలో పరిస్థితి ఇంకా కటువుగా ఉంటుంది. మన చట్టంలో ముందు నుంచి వాడుతున్నవాడికి బలం ఎక్కువ. తర్వాత ఎవరు రిజిస్టర్ చేయించుకున్నా, ముందు వాడినవాడిని ఆపడం కష్టం. చైనాలో ముందు దరఖాస్తు పెట్టినవాడిదే పేరు అనేది మూల సూత్రం. 2019లో చట్టం మార్చి, వాడే ఉద్దేశం లేకుండా దురుద్దేశంతో పెట్టే దరఖాస్తులను తిరస్కరించే వీలు కల్పించారు. అది మంచి మార్పే. అయినా అవతలివాడి దురుద్దేశాన్ని రుజువు చేసే భారం, ఖర్చు మీ మీదే పడతాయి. యంత్రాలు, ప్యాకింగ్ డబ్బాలు చైనాలో చేయించుకునేవాళ్లు అక్కడ ఒక్క డబ్బా అమ్మకపోయినా సరే, ఫ్యాక్టరీకి డిజైన్ పంపే ముందే పేరుకు దరఖాస్తు పెట్టాలి.

ఆరు నెలల గడువు

ఇక పనిలోకి దిగుదాం. ముందు ఇక్కడ దరఖాస్తు పెట్టండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్లో ఒక్కో తరగతికి 4,500 రూపాయలు ఫీజు. తరగతి అంటే వస్తువుల వర్గం. ప్రపంచమంతా దాదాపు ఒకటే పట్టిక, మొత్తం 45 తరగతులు. ఆవకాయ 29వ తరగతి. కారప్పొడి, మసాలా, స్వీట్లు 30. హోటలు నడపడం 43. ఆవకాయకే రిజిస్టర్ చేయించి, రేపు కందిపొడి కూడా అదే పేరుతో పంపితే ఆ పొడికి రక్షణ బలహీనపడుతుంది. రెండు మూడేళ్లలో ఏమేం అమ్మాలనుకుంటున్నారో ఆలోచించి తరగతులు ఎంచుకోండి.

ఇక్కడ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఆరు నెలలు చాలా విలువైనవి. 1883 నాటి పారిస్ ఒప్పందంలో మన దేశం 1998లో చేరింది. దాని ప్రకారం ఆ ఆరు నెలల్లో మరో సభ్యదేశంలో దరఖాస్తు పెడితే, ఇక్కడ పెట్టిన తేదీనే అక్కడ కూడా లెక్కిస్తారు. మీ తర్వాత, మధ్యలో ఎవరైనా అక్కడ దరఖాస్తు పెట్టినా మీరే ముందున్నట్టు. ఈ గడువు దాటితే ఆ సౌకర్యం పోతుంది. ఇక్కడ పని పూర్తయి సర్టిఫికెట్ చేతికొచ్చాక విదేశాల సంగతి చూద్దామనుకునేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా దీన్నే.

ఒక్కో దేశంలో ఒక్కో లాయరును పెట్టుకోవడం చిన్న వ్యాపారికి తలకు మించిన భారం. అందుకు మాడ్రిడ్ ప్రోటోకాల్ ఉంది. 2013 జూలై 8 నుంచి మన దేశానికి అమల్లోకి వచ్చింది. జెనీవాలో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ, అందరూ వైపో అంటారు, దీన్ని నడుపుతుంది. మన రిజిస్ట్రీ ద్వారానే ఒకే దరఖాస్తులో కావలసిన దేశాలన్నీ ఎంచుకోవచ్చు. నలుపు తెలుపు గుర్తుకు మూల ఫీజు 653 స్విస్ ఫ్రాంకులు, ఆపైన దేశాన్ని బట్టి ఫీజు అదనం. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఈ దేశాలన్నీ అందులో ఉన్నాయి. గల్ఫ్‌లో బహ్రెయిన్, ఒమన్ ముందే చేరాయి, యూఏఈ 2021 డిసెంబరులో చేరింది. ఐరోపా సమాఖ్యలోని 27 దేశాలకూ కలిపి ఒకటే రిజిస్ట్రేషన్ చాలు. బ్రిటన్ బయటికి వెళ్లిపోయింది కాబట్టి దానికి విడిగా పెట్టుకోవాలి.

మాడ్రిడ్ దారిలో ఒక గుంత ఉంది. మొదటి ఐదేళ్లూ మీ అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ ఇక్కడి దరఖాస్తు మీదే ఆధారపడి ఉంటుంది. ఇక్కడ ఎవరైనా అభ్యంతరం చెప్పి దాన్ని పడగొడితే అక్కడివన్నీ దానితోపాటే పడిపోతాయి. మూడు నెలల్లో వాటిని దేశాలవారీ దరఖాస్తులుగా మార్చుకునే అవకాశం ఉంటుంది గానీ ఖర్చు మళ్లీ మొదలవుతుంది. అందుకే 'ఆంధ్రా రుచులు' లాంటి, ఎవరైనా పెట్టుకోగల పేరుతో మాడ్రిడ్‌కి వెళ్లకండి. సొంతంగా పుట్టించిన పేరు ఎక్కడైనా నిలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కో, ఆత్రేయపురం పూతరేకులకో భౌగోళిక గుర్తింపు ఉంది కదా, అది చాలు అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ గుర్తింపు ఆ ప్రాంతంలో ఆ పని చేసేవారందరిదీ. మీ బ్రాండును అది కాపాడదు.

అమెరికా గురించి రెండు సంగతులు గుర్తుంచుకోండి. 2019 ఆగస్టు నుంచి విదేశీ దరఖాస్తుదారులు అక్కడి లాయరు ద్వారానే వ్యవహారం నడపాలి. రిజిస్టర్ అయ్యాక ఐదు, ఆరు సంవత్సరాల మధ్య ఆ పేరును అక్కడ నిజంగా వాడుతున్నట్టు ఆధారంతో ప్రకటన ఇవ్వాలి. ఇవ్వకపోతే రద్దు. బిల్లులు, షిప్పింగ్ కాగితాలు, ప్యాకెట్ల ఫొటోలు తేదీలతో దాచుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి. ఎగుమతి కోసం ఇక్కడ ప్యాకెట్ మీద పేరు వేసినా, మన చట్టం 56వ సెక్షన్ ప్రకారం అది ఇక్కడి వాడకం కిందే లెక్క. కాబట్టి ఆ కాగితాలు రెండు దేశాల్లోనూ పనికొస్తాయి.

మనవాళ్లే కదా అన్న చోటే

విదేశాల్లో పేరు పోగొట్టుకునే తెలుగువాళ్లలో ఎక్కువమంది దొంగల చేతిలో పోగొట్టుకోరు. బంధువుల దగ్గరో, స్నేహితుల దగ్గరో, నమ్మిన డిస్ట్రిబ్యూటరు దగ్గరో పోగొట్టుకుంటారు. రాజమండ్రిలో ఒకావిడ పచ్చళ్లు పెడుతుందనుకుందాం. పెద్దమ్మ కొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. 'నువ్వు పంపు, ఇక్కడ నేను చూసుకుంటా' అంటాడు. అక్కడ కంపెనీ అతని పేరు మీద, వెబ్‌సైట్ అతని పేరు మీద, ట్రేడ్‌మార్క్ కూడా అతని పేరు మీదే పెడతారు. అప్పటికి అందులో మోసం ఏమీ లేదు, సౌకర్యం కోసం చేసిన పనే. ఐదేళ్ల తర్వాత డబ్బు దగ్గర మాట తేడా వస్తుంది. అతను ఇంకో ఊరి నుంచి పచ్చళ్లు తెప్పించి అదే పేరుతో అమ్మడం మొదలుపెడతాడు. ఆవిడ పంపిన సరుకును ఆవిడ పెట్టిన పేరు కారణంగానే అక్కడి కస్టమ్స్ అధికారులు ఆపేసే స్థితి వస్తుంది.

ఏజెంటు అనుమతి లేకుండా యజమాని పేరు తన పేరు మీద రిజిస్టర్ చేయించుకుంటే దాన్ని రద్దు చేయించుకునే హక్కు పారిస్ ఒప్పందంలో ఉంది. కానీ ఇక్కడ అనుమతి ఉందో లేదో తేలాలి. అన్నయ్య, చెల్లెలు వాట్సాప్‌లో 'సరే' అనుకున్న మాటకు కోర్టులో అర్థం చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. దానికి పెట్టే ఖర్చుతో పది దేశాల్లో రిజిస్ట్రేషన్ అయిపోతుంది.

ఈ మాట మొదట్లోనే, సంబంధాలు తియ్యగా ఉన్నప్పుడే మాట్లాడాలి. ఎలా అడగాలో తెలియక చాలామంది మానేస్తారు. ఇలా అనండి: 'అన్నయ్యా, పేరు మా సంస్థ మీదే రిజిస్టర్ చేయిద్దాం. అక్కడ అమ్ముకునే హక్కు నీకు కాగితం మీద రాసిస్తాను. నీకూ నాకూ కాకపోయినా రేపు పిల్లల మధ్య తగువు రాకూడదు కదా.' నిజంగా మేలు కోరేవాడు దీనికి నొచ్చుకోడు. ఆ కాగితంలో పేరు ఎవరిదో, ఏ దేశంలో ఎన్నాళ్లు వాడుకోవచ్చో, ఒప్పందం ముగిసిన రోజున వెబ్‌సైట్ పేరు, సోషల్ మీడియా ఖాతాలు ఎవరికి అప్పగించాలో స్పష్టంగా ఉండాలి. ఆ పేరుకు దగ్గరగా ఉన్న ఇంకే పేరునూ అతను తన మీద రిజిస్టర్ చేయించుకోనని ఒక వాక్యం తప్పకుండా రాయించండి.

పేరు కొనేటప్పుడు కూడా ఎవరి దగ్గర కొంటున్నామో చూడాలి. ఆపిల్ సంస్థ 2009లో ఒక బ్రిటిష్ కంపెనీ ద్వారా 'ఐప్యాడ్' పేరును ప్రోవ్యూ అనే సంస్థకు చెందిన తైవాన్ విభాగం నుంచి 35,000 పౌండ్లకు కొన్నది. చైనాలో ఆ పేరు 2001 నుంచీ ప్రోవ్యూ షెన్‌జెన్ అనే వేరే కంపెనీ మీద ఉంది. రెండూ ఒకే గూటివి కదా అని ఆపిల్ అనుకుంది. చైనా కోర్టు ఒప్పుకోలేదు. చివరికి 2012 జూలైలో 6 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. ప్రతి దేశం రిజిస్టరులోనూ యజమాని పేరు చదివి ఉంటే సరిపోయేది.

అక్కడి నుంచి నోటీసు వస్తే

కొన్నిసార్లు తగువు మన గుమ్మంలోకే వస్తుంది. ట్రేడ్‌మార్క్ అంటే పేరొక్కటే కాదని హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ సంస్థకు 2015లో ఎదురైంది. నెక్సియం అనే ఆస్ట్రాజెనెకా మందుకు జెనరిక్ రూపాన్ని అమెరికాలో విడుదల చేస్తే, ఆ మాత్ర ఊదా రంగు తమ గుర్తు అని ఆస్ట్రాజెనెకా కేసు వేసింది. ఆ నవంబరులో డెలావేర్ ఫెడరల్ కోర్టు అమ్మకాలు ఆపమంది. కంపెనీ రంగు మార్చి మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది. మందు సంగతి ఏమోగానీ, సీసా ఆకారం, ప్యాకెట్ రంగు కూడా వెళ్లే దేశంలో చూసుకోవాలి.

విదేశీ లాయరు ఉత్తరం వస్తే ముందు భయపడకండి, తర్వాత నిర్లక్ష్యం చేయకండి. వాళ్ల రిజిస్ట్రేషన్ నిజంగా ఆ దేశంలో, ఆ తరగతిలో ఉందా, మీకంటే ముందుదా అని చూడండి. ఫోన్లో, మెసేజీల్లో మీరే జవాబు చెప్పకండి. తప్పు ఒప్పుకున్నట్టు రాసిన ఒక్క వాక్యం తర్వాత మీ మీదే వాడతారు. అక్కడి లాయరుకు ఇచ్చి, గడువులోగా సమాధానం పంపించండి. పోరాటమే దారి అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో బర్గర్ కింగ్ పేరు అప్పటికే ఇంకొకరిది కావడంతో, 1971లో అక్కడి ఫ్రాంచైజీ 'హంగ్రీ జాక్స్' అని పెట్టుకుంది. ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది. బడ్‌వైజర్ పేరు కోసం చెక్ దేశపు బుడ్‌వార్ కంపెనీ, అమెరికా కంపెనీ వందేళ్లకు పైగా తగువులాడుకున్నాయి. అందుకే అమెరికాలో ఆ చెక్ బీరును 'చెక్‌వార్' అని అమ్మారు. ఒక దేశంలో పేరు మార్చుకోవడం ఓటమి కాదు. వ్యాపారం నిలబడిందా లేదా అన్నదే లెక్క. వెబ్‌సైట్ పేరును ఎవరైనా దురుద్దేశంతో కొని కూర్చుంటే కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు. 1999 నుంచి అందుకు ప్రత్యేక విధానం ఉంది. వైపో దగ్గర 1,500 డాలర్ల ఫీజుతో ఒక నిర్ణేత చేత తేల్చుకోవచ్చు.

మీరు దరఖాస్తు పెట్టాక, వైపో పేరు పోలిన పేరుతో 'వెంటనే ఇంత కట్టండి' అనే బిల్లులు ఈమెయిల్లో, పోస్టులో వస్తాయి. అవి మోసాలని వైపో తన వెబ్‌సైట్లో హెచ్చరిస్తూనే ఉంది. మీ లాయరుకు చూపించకుండా ఒక్క డాలరు కూడా పంపకండి.

వైపో గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్ ఉచితం, ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. ఈ పుస్తకం మూసి, మీ బ్రాండ్ పేరును తెలుగులోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ, దగ్గరి స్పెల్లింగులతో సహా అందులో వెతకండి. మీ సరుకు వెళ్లే దేశంలో ఆ పేరు పక్కన ఇంకొకరి చిరునామా కనిపిస్తే ఈ వారమే లాయరును కలవండి. కనిపించకపోతే, తర్వాతి పార్సెల్ కట్టక ముందే దరఖాస్తు పెట్టండి.